చూసే హక్కు

మా ఆసుపత్రిలో నా గదికి వచ్చేవాళ్ళు మూడు మాటల్లో ఏదో ఒకటి పట్టుకొని వస్తారు. "మేడం, తెరుచుకుంటలేదు." "మేడం, సేవ్ అయితలేదు." "మేడం, ఆయనకు ఉండంగ నాకెందుకు లేదు?" మొదటి రెండింటికీ నా దగ్గర మందు ఉంది. మూడోదానికి లేదు. నా జుట్టు సగం నెరిసింది ఆ మూడోదాని వల్లనే.

బీదర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టోరేజీ చూసుకోవడం నా ఉద్యోగం. ఔరాద్ అవతల పల్లెలో తెలుగు ఇంట్లో పుట్టి, కన్నడ బడిలో చదివి, మరాఠీ సంతలో బేరాలాడి పెరిగినదాన్ని. అందుకని ఆసుపత్రిలో ఎవరు ఏ భాషలో తిట్టినా నాకు అర్థమవుతుంది. అదొక శాపం.

వరండా చివర ఒక చల్లటి గది ఉంది. అందులో ఆరు ఇనుప పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఎక్స్‌రేలు, స్కానింగులు అన్నీ వచ్చి చేరేది అక్కడికే. చూడ్డానికి ఆరు పెట్టెలు గానీ లోపల ఒకటే సంసారం. ఒక బొమ్మ వస్తే దాన్ని ముక్కలు చేసుకొని ఆరూ పంచుకొని దాస్తాయి. ఒకటి పడకేస్తే మిగిలినవి ముక్కలు కూర్చి బొమ్మను అడిగినవాళ్ళ చేతిలో పెడతాయి. దీన్నే క్లస్టర్ అంటారు. ఆ పెట్టెలతో నాకు ఎన్నడూ పేచీ రాలేదు. అలగవు, చాడీలు చెప్పవు, నాకెందుకు లేదని అడగవు.

పేచీ అంతా హక్కుల దగ్గర. స్టోరేజీలో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. దాన్ని ఎవరు చూడొచ్చు, ఎవరు అందులో రాయొచ్చు, ఎవరు తుడిచేయొచ్చు అని విడివిడిగా పెట్టుకోవచ్చు. అది ఎప్పుడు పుట్టింది, చివరిసారి ఎప్పుడు తెరిచారు అన్నది కూడా స్టోరేజీ గుర్తు పెట్టుకుంటుంది. వీటన్నిటి పైన అడ్మిన్ ఉంటాడు. ఎవరికి ఏ హక్కు ఇవ్వాలో, ఏది తీసేయాలో ఆ అడ్మిన్ చేతిలో ఉంటుంది. ఇంట్లో బీరువా తాళాలు ఎవరి కొంగున ఉంటే వాళ్ళదే పెత్తనం అన్నట్టు.

నేను చేరేనాటికి ఇక్కడ ఒకటే అడ్మిన్ పాస్‌వర్డు. అది డాక్టర్లకు తెలుసు, టెక్నీషియన్లకు తెలుసు, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి తెలుసు, క్యాంటీన్ నుంచి టీ తెచ్చే పెద్దాయనకు కూడా తెలుసు. అందరూ అడ్మిన్లే. అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు? ఒకరోజు గుండె బొమ్మల ఫోల్డరు ఒకటి మాయమైంది. ఎవరు తుడిచారని చూస్తే అడ్మిన్ తుడిచాడని ఉంది. అడ్మిన్ ఎవరంటే అందరూ. ఆ రోజు ఎవరిని అడిగినా "నాకేం తెలుసు మేడం" అన్నారు. పైపెచ్చు నన్నే అనుమానంగా చూశారు.

దాంతో నాకు పౌరుషం వచ్చింది. ఆ పాస్‌వర్డు మార్చేశాను. ఒక్కొక్కరికీ ఒక్కో పేరు, ఒక్కో పాస్‌వర్డు ఇచ్చాను. బొమ్మలు తీసేవాళ్ళకు రాసే హక్కు. డాక్టర్లకు చూసే హక్కు, రిపోర్టు రాసే హక్కు. తుడిచే హక్కు మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను. చదివిన చదువు ప్రకారం ఇది పద్ధతి. బీదర్ ప్రకారం ఇది అవమానం.

ముందుగా వచ్చింది పెద్ద టెక్నీషియన్ అన్న. చాలా మంచివాడు, నాకు ఈ ఊళ్ళో అద్దె ఇల్లు చూసిపెట్టింది కూడా ఆయనే. వచ్చి కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు. దాంతోనే నాకు అర్థమైంది.

"అక్కా, ఈ దవాఖాన పునాది తీసిన కాడ్నుంచి ఉన్న నేను. నిన్నగాక మొన్న వచ్చిన పోరగానికి, నాకు ఒక్కతీరుగనే పెట్టినవా?"

"ఇద్దరి పనీ ఒక్కటే గదా అన్నా."

"పని ఒక్కటే గానీ, ఇజ్జత్ ఒక్కటేనా?"

మా దిక్కు పెళ్ళిళ్ళలో మగ చుట్టాలకు తలకు రుమాలు చుడతారు. ఆ హడావిడిలో ఒక బావమరిదిని మరిచిపోయారనుకోండి, ఆయన ఆ ఇంటి గడప తొక్కడు. అడిగితే మోకాళ్ళ నొప్పులని చెబుతాడు. నేను ఇచ్చిన హక్కులు వీళ్ళందరికీ ఆ రుమాళ్ళలాగే కనబడ్డాయి. తుడిచే హక్కు జరీ రుమాలు. రాసేది మామూలు రుమాలు. చూసేది మాత్రం చేతులు తుడుచుకొమ్మని ఇచ్చిన పాత గుడ్డ. ఆ మూడోది ఎవరికీ వద్దు. "ఉత్త చూసుడేనా?" అని ముఖం ముడుచుకోనివాళ్ళు ఆ డిపార్ట్‌మెంటులో ఒక్కరూ లేరు.

అందరికన్నా పెద్ద రుమాలు కావలసింది పెద్దసారుకు. ఎక్స్‌రే డిపార్ట్‌మెంటుకు ఆయనే పెద్ద. హైదరాబాద్‌లో చదివినవాడు, చేతి నిండా పని తెలిసినవాడు, పిల్లలకు పాఠం చెబితే వినాలనిపిస్తుంది. ఒకరోజు విద్యార్థుల ముందు తప్పుగా పడిన బొమ్మను తుడవబోయాడు. తెర మీద 'మీకు అనుమతి లేదు' అని వచ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారట. ఆ నవ్వినవాళ్ళను వదిలేసి సారు నా మీద పడ్డాడు.

"నా డిపార్ట్‌మెంటుల నాకే అనుమతి లేదా అమ్మా? పోరలు నవ్వుతున్నరు."

"సార్, పొరపాటున కూడా ఏదీ పోకూడదని..."

"నేను పొరపాటు చేస్తనా?"

మేనేజ్‌మెంటు దాకా పోయింది వ్యవహారం. తీర్పు ఏమిటంటే, అడ్మిన్ హక్కు డిపార్ట్‌మెంటు పెద్ద దగ్గర ఉండటం మర్యాద. స్టోరేజీ మేడం తనకు అవసరమైనప్పుడు ఆయన్ను అడిగి వాడుకోవాలి. అంతే, ఒక సాయంత్రం నా హక్కులు తీసేసి ఆయనకు ఇచ్చారు. ఇచ్చింది నేనే, నా చేతులతోనే. నాకు మిగిలింది ఫైళ్ళ పేర్లు, సైజులు చూసే హక్కు. ఆరు పెట్టెల కాపలా నాది, తాళం ఆయనది. ఒక పెట్టె చెడిపోయి రాత్రంతా ఈలలు వేసినా ముందు సారు గుమ్మం దగ్గర నిలబడాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ పూజారి చేతులు కట్టేసి ఎవరినో తెచ్చి దేవుడి పక్కన కూర్చోబెట్టారు.

అప్పటి నుంచి మా పని ఇలా నడిచేది. నేను సారు గదికి వెళ్తాను. ఆయన పేషెంట్లను చూసేదాకా కూర్చుంటాను. ఆ తర్వాత ఆయన ఎడమ చేయి అడ్డం పెట్టుకొని కుడిచేత్తో పాస్‌వర్డు కొడతాడు. కుర్చీ నా వైపు తిప్పి "చేసుకో అమ్మా" అంటాడు. నేను చేసుకుంటాను. అయిపోయాక ఆయన మళ్ళీ కుర్చీ తిప్పుకొని లాగౌట్ అవుతాడు. ఒక చిన్న ఫోల్డరు పేరు మార్చాలన్నా ఇదే తతంగం.

అలా ఆయన్ను అడిగిన వాటిలో ఒక ఫోల్డరు సంగతి చాలాసార్లు అడిగాను. నేను ఈ ఉద్యోగంలో చేరకముందు హళ్ళిఖేడ్ వైపు పల్లెల్లో ఆసుపత్రి వాళ్ళు ఛాతీ పరీక్షల క్యాంపు పెట్టారు. అక్కడ తీసిన ఎక్స్‌రేలన్నీ ఒక ఫోల్డరులో ఉన్నాయి. క్యాంపు కోసం విడిగా ఇచ్చిన తన పేరు మీద దాన్ని తయారుచేసిన టెక్నీషియన్ కొన్నాళ్ళకే ఉద్యోగం మానేశాడు. మనిషి మానేశాక ఆయన పేరు తీసేశారు గానీ ఫోల్డరు ఆయన పేరు మీదే ఉండిపోయింది. ఇప్పుడు యజమాని పేరు ఉండాల్సిన చోట ఒక అంకె కనబడుతుంది. ఆ అంకె ఎవరిదంటే ఎవరిదీ కాదు. అడ్మిన్ తప్ప ఇంకెవరూ దాన్ని తెరవలేరు.

"సార్, క్యాంపు ఫోల్డరు ఎవరో ఒకరి పేరు మీద పెడదాం."

"చూద్దాం తియ్యమ్మా. దానికి తొందరేముంది."

ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో నేను లెక్క పెట్టుకోలేదు. పెట్టుకుంటే బీపీ పెరుగుతుంది.

చెరుకు కోతలు మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున చిన్న డాక్టరమ్మ నా గదికి వచ్చింది. తెలంగాణ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన పిల్ల, నన్ను అక్కా అంటుంది. ఆమె వెనకాల నలభై దాటిన ఒకావిడ, ఆవిడ తమ్ముడు ఉన్నారు. హళ్ళిఖేడ్ మనుషులు, ఇంట్లో తెలుగే. ఆవిడది చెరుకు తోటల్లో పని. నెలల తరబడి దగ్గు తగ్గక వస్తే స్కానింగు తీశారు. కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉంది.

"అక్కా, ఈమె అప్పుడు క్యాంపులో ఎక్స్‌రే తీయించుకుందట. ఆ బొమ్మ కావాలి. ఈ మచ్చ అప్పుడు గూడ ఇంతే ఉంటే ఎప్పుడో మానిన పాత గాటు అనుకోవచ్చు, వదిలెయ్యొచ్చు. లేకుంటే హైదరాబాద్ పోయి సూది పెట్టించి ముక్క తీయించాలి. రేపటికి అక్కడ మాట్లాడి పెట్టిన. ఈమె పోనంటుంది."

"ఎందుకు పోవాల్నమ్మా?" అందావిడ. గొంతు గట్టిది, దగ్గు మధ్యలో కూడా గట్టిదే. "క్యాంపుల తీసిన్రు. ఏమన్న ఉంటే ఫోన్ చేస్తమన్నరు. ఎవ్వలు చేయలే. ఏమన్న ఉంటే చెప్పకపోదురా? పాతదే ఇది. కోతలకు మందిని మాట్లాడిన, నేను పోకుంటే ఎట్ల?"

"అప్పుడు ఫిల్ము ఇవ్వలేదా అక్కా?" అన్నాను.

తమ్ముడు నేల చూపులు చూశాడు. ఆవిడే చెప్పింది. "ఇచ్చిన్రు. ఫోన్ రాకపాయె, అంత మంచిగనే ఉన్నదనుకుంటిమి. ఆమీద సూర్యగ్రహణం పట్టె గదా. పోరలు చూస్తమని ఒక్కటే లొల్లి. కత్తెర తీస్కొని ముక్కలు చేసి గల్లీల అందరికి పంచిన."

ఎక్స్‌రే ఫిల్ములోంచి గ్రహణం చూడటం కళ్ళకు మంచిది కాదని డాక్టరమ్మ చెప్పబోయింది. నేను చేయి పట్టి ఆపాను. ఇప్పుడు దాని గురించి పంచాయితీ అక్కర్లేదు. సాయంత్రం ఆవిడ ఊరికి పోతే కోతలు అయిపోయేదాకా మళ్ళీ దొరకదు. ఆ మొండి గొంతు వింటే ఎవరికైనా తెలుస్తుంది. పాత బొమ్మ ఒక్కటే ఆవిడను హైదరాబాద్ పంపించగలదు, లేదా దిగులు లేకుండా ఇంటికి పంపించగలదు.

కంప్యూటర్లో వెతికాను. క్యాంపు ఫోల్డరు ఉంది. అందులో ఆవిడ పేరు మీద ఫైలు ఉంది. పేరు కనబడుతోంది, సైజు కనబడుతోంది. తెరవబోతే అనుమతి లేదు. ఆరు పెట్టెలూ పక్క గదిలో ఆవిడ ఛాతీని ముక్కలు చేసి పంచుకొని కూర్చున్నాయి. అడిగితే ఇచ్చేస్తాయి, కాకపోతే నేను అడిగితే ఇవ్వవు. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ పెట్టెల దుమ్ము దులిపిందీ, రాత్రిళ్ళు మేలుకొని కాపాడిందీ నేను!

సారు ఆ రోజు సెలవు. హుమ్నాబాద్‌లో ఏదో ఫంక్షన్ హాల్లో దగ్గరి చుట్టాల పెళ్ళి. ఫోన్ చేశాను. వెనక బ్యాండు మోగుతోంది.

"సార్, ఒక పేషెంటు పాత ఎక్స్‌రే కావాలి. క్యాంపు ఫోల్డరులో ఉంది."

"రేపొస్త గదమ్మా."

"రేపటికి ఆమె ఇక్కడ ఉండదు సార్. మీ పాస్‌వర్డు చెప్తే ఒక్క నిమిషంలో తీసుకుంటాను. తర్వాత మార్చుకోండి."

బ్యాండు కాసేపు ఆగింది. "ఎట్ల చెప్తనమ్మా? నువ్వే గదా మీటింగుల గంటసేపు చెప్పినవు, ప్రాణం పోయినా పాస్‌వర్డ్ ఎవ్వరికి చెప్పొద్దని. నేను నీ మాట మీదనే ఉన్న."

ఇన్నాళ్ళలో నా మాట ఆయన విన్నది అదొక్కటే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోనీ ఆయన ఫోన్లోనే తెరవమందామంటే అడ్మిన్ పేరు ఫోన్లలో పనిచేయకుండా కట్టడి చేసింది కూడా నేనే. ఆసుపత్రి బయట అది నడిచేది నా ల్యాప్‌టాప్ ఒక్కదాంట్లోనే.

"సార్, నేనే వస్తున్నాను. అక్కడే ఉండండి."

ఆవిడను డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టాం. తమ్ముడికి సామాన్లు మోసే చిన్న ట్రాలీ బండి ఉంది. ఆ బండిలో ముందు సీట్లో కూర్చొని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని హుమ్నాబాద్ బయలుదేరాను. ఆ రోడ్డు మీద లారీల వెనక లారీలు. దాటుదామంటే ఎదురుగా ఇంకో లారీ. తమ్ముడు హారన్ మీద నుంచి చేయి తీయలేదు. హళ్ళిఖేడ్ దాటాక అన్నాడు.

"అక్కా, ఆ ఫోటో దొరికితే మా అక్క మంచిగుంటదా?"

"ఫోటో దొరికితే సంగతి తెలుస్తది తమ్మీ."

"తెలిస్తే చాలు. తెల్వకనే భయమైతాంది."

ఫంక్షన్ హాలు గుమ్మంలో పెళ్ళివారి పెద్దాయన ఎదురొచ్చాడు. నేను విషయం చెప్పబోతుంటే చేతులు జోడించి "మొదల ఊట మాడ్రి" అన్నాడు. ముందు భోంచేయమని. ఒక పేషెంటు కోసం వచ్చానని కన్నడలో చెప్పాను. ఆయన అంతా విని, అవునవునని తల ఊపి, "హౌదు, మొదల ఊట మాడ్రి" అన్నాడు. మా దిక్కు పెళ్ళిలో అన్నం తినకుండా ఎవరితోనైనా మాట్లాడి రావడం అంటే ఆ ఇంటిని తిట్టి వచ్చినట్టే. చివరికి ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకొని పంక్తిలో కూర్చున్నాను. జొన్నరొట్టె, బగారన్నం, ఆ పక్కన నెయ్యి ఓడుతున్న హుగ్గి, అంటే గోధుమ పాయసం. నాకు హుగ్గి అంటే ప్రాణం. ఆ రోజు మట్టి తిన్నట్టుంది. పక్కన తమ్ముడు ఒక్క ముద్ద కూడా పెట్టుకోలేదు. వడ్డించేవాళ్ళు "జర తిను బిడ్డా" అని అతని ఆకులో ఇంకా వేశారు.

సారు ముందు వరసలో సోఫాలో ఉన్నాడు. తలకు గులాబీ రంగు రుమాలు, భుజాన శాలువా. నన్ను చూసి నొచ్చుకోలేదు, సంతోషపడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు నన్ను చూపించి "మా దవాఖాన మేడం. నేను లేకుంటే ఆడ ఏది నడువది" అన్నాడు. టీపాయ్ మీద పూలు జరిపి ల్యాప్‌టాప్ పెట్టాను. నలుగురు పెద్దలు మెడలు చాచి చూస్తున్నారు. ఆయన ఎడమచేయి అడ్డం పెట్టి పాస్‌వర్డు కొట్టాడు. ఈసారి నా వైపు తిప్పలేదు. అందరూ చూస్తున్నారు మరి, నేను చేస్తే ఎలా?

"చెప్పమ్మా, ఏం చేయాలె?"

"క్యాంపు ఫోల్డరు మీద నొక్కండి సార్. అందులో చిన్న డాక్టరమ్మ పేరు రాసి, చూసే హక్కు ఒక్కటి ఇవ్వండి. అంతే."

"ఒక్కామెకు ఏందమ్మా? ఉత్త చూసుడేంది? పెండ్లిల ఒక్కరికి పెట్టి ఒక్కరికి పెట్టకుంట ఉంటరా?"

నేను వద్దు సార్ అనేలోపు ఆయన వేలు అన్నిటికన్నా పైన ఉన్న ఫోల్డరు మీద నొక్కింది. అందరికీ, అన్ని హక్కులూ, లోపలున్న వాటన్నిటికీ. ఆరు పెట్టెలూ బుద్ధిగా పని మొదలుపెట్టాయి. ఒక్కొక్కరినీ బతిమాలి, తిట్లు తిని, వేరువేరుగా నేను పెట్టిన హక్కులన్నీ కళ్ళముందే చెరిగిపోతున్నాయి. అడ్మిన్లు మళ్ళీ అందరూ. టీ తెచ్చే పెద్దాయనతో సహా.

"ఇగ ఎవ్వరికి తక్లీఫ్ ఉండది" అన్నాడు సారు చుట్టూ చూసి. పెద్దలు మెచ్చుకోలుగా తలలు ఊపారు.

ఆయన్ను అక్కడే నాలుగు మాటలు అనేదాన్ని. కానీ ఫోన్ మోగింది. డాక్టరమ్మ.

"అక్కా, తెరుచుకున్నది. అప్పుడే ఉంది మచ్చ. చిన్నగ, పెసర గింజంత. ఇప్పుడు చింతగింజంత అయింది. పెరిగింది గానీ మెల్లగ పెరిగింది. ఇప్పుడు పోతే టైం ఉంది, కోతలయినంక అంటే నేను చెప్పలేను. తొందరగ రా అక్కా, నేను చెప్తే ఆమె నమ్ముతలేదు." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఇంకొకటి. దీనికి రిపోర్టు లేదు. రాసే గడి ఖాళీగుంది."

తిరుగు దారిలో బండిలోనే ల్యాప్‌టాప్ తెరిచాను. ఇప్పుడు నాకూ అన్ని హక్కులూ ఉన్నాయి కదా, అందరితో పాటు. క్యాంపు ఫోల్డరులో ఆవిడ ఫైలు దగ్గర రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. పుట్టిన తేదీ క్యాంపు రోజుది. చివరిసారి తెరిచిన తేదీ ఈ మధ్యాహ్నం, డాక్టరమ్మ తెరిచింది. అది నాకు అవసరం లేదు. దాని కింది ఫైలు చూశాను, ఎవరో మరొకరిది. పుట్టిన తేదీ క్యాంపు రోజు. చివరిసారి తెరిచిన తేదీ అదే రోజు. దాని కిందిది అంతే. ఆ కిందిది అంతే. చివరిదాకా జరుపుకుంటూ వెళ్ళాను. ఒక్క ఫైలు కూడా ఎవరూ తెరవలేదు.

అవి వచ్చిన రోజుల్లో ఆసుపత్రిలో అందరికీ ఒకటే పాస్‌వర్డు. అందరూ అడ్మిన్లే. తెరవాలనుకుంటే ఎవరైనా తెరిచేవాళ్ళు. తీసినవాళ్ళు ఎక్కించి వెళ్ళిపోయారు. టెక్నీషియన్లు డాక్టర్లు చూశారనుకున్నారు. డాక్టర్లు క్యాంపు డాక్టర్లు చూశారనుకున్నారు. క్యాంపుకు వెళ్ళినవాళ్ళు పెద్దసారు చూశాడనుకుని ఉంటారు. ఆయన తుడిచే హక్కు కోసం నాతో యుద్ధం చేస్తున్నప్పుడు ఈ బొమ్మలు పక్కనే ఉన్నాయి. తుడిచే హక్కు, రాసే హక్కు, పెత్తనం, ఇజ్జత్, అన్నిటి కోసం కొట్టుకున్నాం. అందరూ వద్దన్న ఆ మూడోది, చూసే హక్కు ఒక్కటి ఎవరూ వాడలేదు. ల్యాప్‌టాప్ మూసేశాను. తమ్ముడు నా మొహం చూసి బండి నెమ్మది చేశాడు. ఏమీ కాలేదు పోనివ్వమన్నాను.

మేము వెళ్ళేసరికి డాక్టరమ్మ తన గదిలో క్యాంపు బొమ్మలు ఒక్కొక్కటే తెరుస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి కూడా లేవలేదు. నేను వరండాలోకి వచ్చి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. రెండు బొమ్మలూ ఫిల్ము మీద అచ్చు తీసి తెచ్చాను. పెసర గింజ, చింతగింజ. వేలు పెట్టి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"అంటే అప్పటికెల్లి ఉన్నదా?"

"ఉంది అక్కా. రేపు హైదరాబాద్ పోవాలి నువ్వు. డాక్టరమ్మ అన్నీ మాట్లాడి పెట్టింది. టైం ఉందంటుంది."

"పోత తియ్యి." ఇంత మొండిమనిషి ఆ మాట అంత తేలికగా అంటుందనుకోలేదు. కొంగుతో నోరు తుడుచుకుంది. "మరి అప్పుడు చూసిన డాక్టర్ ఎందుకు చెప్పలేదమ్మా?"

క్యాంపు పెట్టినప్పుడు నేను ఇక్కడ లేను. ఆ మాట చెప్పి తప్పుకోవచ్చు. డాక్టరు మరిచిపోయాడని అబద్ధం చెప్పవచ్చు. నేను అక్క అని పిలిచిన మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఎవరూ చూడలేదు అక్కా. కంప్యూటర్లో పడేసి మరిచిపోయారు. ఇయ్యాల్టిదాకా ఒక్కరు కూడా తెరవలేదు."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. తిట్లన్నీ మోసుకెళ్ళి సారు టేబుల్ మీద కుమ్మరించేదాన్ని. ఆవిడ మాత్రం ఆ పాత బొమ్మను వరండా కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకొని, ఒక కన్ను మూసి, దాంట్లోంచి బయటికి చూసింది. మళ్ళీ నా వైపు తిరిగింది.

"దీంట్లకెల్లి మా గల్లీల పోరలందరు చూసిన్రమ్మా. ముసలోళ్ళు గూడ గుంజుకొని చూసిన్రు. ఇంత పెద్ద దవాఖాన్ల ఒక్కరికి గూడ చూడబుద్ధి కాలేదా?"